లాంగ్ ఐరన్లు, వుడ్లు తీసేసి హైబ్రిడ్లు పెట్టుకోవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

గోల్ఫ్ ఆడేవాళ్ళు నలుగురు కలిస్తే హైబ్రిడ్ (పలచటి తల ఉన్న ఐరన్‌కీ, పెద్ద తల ఉన్న పొడవాటి వుడ్‌కీ మధ్యరకం క్లబ్) గురించి మూడు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకరు అది లేకుండా కోర్సులో అడుగు పెట్టనంటారు. ఇంకొకరు పట్టుకుంటే చాలు బంతి ఎడమకే పోతుందంటారు. మూడోవారు 7-వుడ్ ఉండగా దానితో పనేముంది అంటారు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది, ఎందుకంటే ముగ్గురి స్వింగ్‌లూ ఒకటి కావు. అడిగిన సందేహాలే మళ్ళీ మళ్ళీ వస్తుండడంతో అన్నిటినీ ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. కుడిచేతివాటం వాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాశాను. ఎడమచేతివాటం వాళ్ళు కుడిఎడమలు తిప్పి చదువుకోండి.

## మార్చాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

హైబ్రిడ్ అంటే ఐరనా, వుడ్డా?

తల వుడ్ జాతిది, పొడవు ఐరన్‌కి దగ్గర. లోపల బోలుగా ఉండే చిన్న తల, బరువంతా కింద, వెనకవైపు ఉంటుంది. అందుకే అదే లాఫ్ట్ (ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం, వెనక్కి వాలిన కోణం) ఉన్న ఐరన్ కంటే బంతిని తేలిగ్గా పైకి లేపుతుంది. అంకె తగ్గేకొద్దీ క్లబ్ పొడవు పెరుగుతుంది, 3, 4 లాంటి చిన్న అంకెలవే లాంగ్ ఐరన్లు. పొడవు చూస్తే 3-ఐరన్ సుమారు 39 అంగుళాలు, 3-హైబ్రిడ్ 40 లేదా 40న్నర, 5-వుడ్ 42 దాటుతుంది. బంతికి ఎంత దగ్గరగా నిలబడితే అంత నికరంగా తగులుతుంది కాబట్టి ఆ రెండంగుళాల తేడా చిన్నదేమీ కాదు.

ఆలోచన కూడా కొత్తది కాదు. కోబ్రా కంపెనీ 1975లోనే బాఫ్లర్ అనే క్లబ్ తెచ్చింది. సోల్ (తల అడుగు భాగం) కింద రెండు పట్టాలున్న ఆ చిన్న వుడ్ రఫ్‌లోంచి (పొడుగు గడ్డిలోంచి) జారుకుంటూ బయటికి వచ్చేది. 2000ల మొదట్లో టేలర్‌మేడ్ రెస్క్యూ క్లబ్బులు ఎంతగా పాకాయంటే, ఇప్పటికీ చాలామంది ఏ కంపెనీ హైబ్రిడ్‌నైనా రెస్క్యూ అనే పిలుస్తారు.

నా 3-ఐరన్ గాల్లోకి లేవడమే లేదు. తప్పు నాదా, క్లబ్‌దా?

చాలామటుకు క్లబ్‌దే. 20 డిగ్రీల చుట్టూ లాఫ్ట్ ఉన్న పలచటి ఐరన్ తలతో బంతిని ఎత్తుకు పంపాలంటే స్వింగ్‌లో వేగం ఉండాలి, అదీ ఫేస్ నడిబొడ్డున తగలాలి. ఈ రెండిట్లో ఏది లోపించినా బంతి నేలను రాసుకుంటూ పోతుంది. అది చూసి ఆటగాడు బంతిని చేతులతో లేపబోతాడు, షాట్ ఇంకా పాడవుతుంది. సంవత్సరాల తరబడి తమ స్వింగే చెడ్డదని కుమిలిపోయినవాళ్ళు, అదే స్వింగ్‌తో హైబ్రిడ్ కొట్టి తేరుకోవడం నేను చాలాసార్లు చూశాను.

ఒక మోటు లెక్క చెబుతాను. మీ 7-ఐరన్ గాల్లో 150 గజాలు దాటకపోతే 3-ఐరన్, 4-ఐరన్ మీకు చేసే మేలు దాదాపు ఏమీ ఉండదు. ఇంకో పరీక్ష కూడా ఉంది. మీ 4-ఐరన్‌నీ 5-ఐరన్‌నీ పదేసి బంతులు కొట్టి చూడండి. రెండూ ఒకే చోట పడుతుంటే 4-ఐరన్ బ్యాగ్‌లో ఊరికే బరువు మోయిస్తోందని అర్థం.

మంచి ఆటగాళ్ళు లాంగ్ ఐరన్లే వాడతారు కదా? హైబ్రిడ్ పట్టుకుంటే చిన్నతనం కాదా?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే ఈ మొహమాటం వల్లే ఎంతోమంది ఆట నుంచి ఆనందం పోగొట్టుకుంటున్నారు. 2009 పీజీఏ ఛాంపియన్‌షిప్ గుర్తు చేసుకోండి. హాజెల్‌టైన్‌లో ఆఖరి రోజు, ఆఖరి హోల్. దక్షిణ కొరియా ఆటగాడు వై. ఇ. యాంగ్ ఒక్క షాట్ ఆధిక్యంలో ఉన్నాడు. పక్కన టైగర్ వుడ్స్. అప్పటిదాకా మేజర్ టోర్నీల్లో (గోల్ఫ్‌లో అతిపెద్ద పోటీల్లో) మూడు రౌండ్లు ముగిసేసరికి ముందంజలో ఉన్న ఏ ఒక్కసారీ టైగర్ ఓడిపోలేదు, 14కి 14 గెలిచాడు. యాంగ్ ముందు 200 గజాల పైచిలుకు దూరం, దారిలో చెట్టు. చేతిలోకి తీసుకున్నది హైబ్రిడ్. బంతి చెట్టును దాటి జెండాకు దాదాపు నాలుగు గజాల్లో ఆగింది. పార్ (హోల్‌కి నిర్ణయించిన దెబ్బల సంఖ్య) కంటే ఒకటి తక్కువైన ఆ బర్డీతో, ఆసియాలో పుట్టి మేజర్ గెలిచిన మొదటి పురుషుడయ్యాడు.

లాంగ్ ఐరన్ గొప్పతనాన్ని నేను తక్కువ చేయడం లేదు. 1972 యూఎస్ ఓపెన్‌లో జాక్ నిక్లాస్ పెబుల్ బీచ్ 17వ హోల్ మీద గాలికి ఎదురుగా 1-ఐరన్‌తో కొట్టిన బంతి జెండా కర్రకే తగిలింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అయితే అది నిక్లాస్ వేగం, నిక్లాస్ చేతులు. స్కోరుకార్డు మీద రాసేది ఎన్ని దెబ్బలో మాత్రమే, ఏ క్లబ్‌తో అన్నది అందులో ఉండదు.

హైబ్రిడ్ ఎవరికి నప్పదు?

వేగంగా తిప్పుతూ, బంతిని బాగా కిందికి నొక్కి కొడుతూ, సహజంగానే కుడి నుంచి ఎడమకు డ్రా ఆడేవాళ్ళకు చాలా హైబ్రిడ్లు నచ్చవు. వాళ్ళ చేతిలో అవి ఎక్కువ ఎత్తుకు పోతాయి, ఎడమకు ముడుచుకుంటాయి. అలాంటివాళ్ళకు బోలు తల ఉన్న యుటిలిటీ ఐరన్ మేలు. ఎండి గట్టిపడిన నేల, ఎప్పుడూ వీచే గాలి ఉన్న కోర్సుల్లో ఆడేవాళ్ళకు కూడా కింది నుంచి పోయి దొర్లే బంతే కావాలి. 2006 బ్రిటిష్ ఓపెన్‌లో హొయ్‌లేక్ నేల ఎండి పలకలా తయారైతే, టైగర్ వుడ్స్ నాలుగు రౌండ్లలో డ్రైవర్‌ని (అన్నిటికంటే దూరం పంపే క్లబ్‌ని) ఒకే ఒక్కసారి తీశాడు. టీ మీద నుంచి (హోల్‌లో మొదటి షాట్ ఆడే చోటు నుంచి) ఎక్కువగా 2-ఐరన్‌తోనే నడిపించి గెలిచాడు.

## ఎంచుకునేటప్పుడు

4-ఐరన్ తీసేస్తున్నాను. 4-హైబ్రిడ్ పెట్టుకుంటే సరిపోతుందిగా?

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. సోల్ మీద ఉన్న అంకెను నమ్మకండి. 4-హైబ్రిడ్ లాఫ్ట్ మామూలుగా 21 నుంచి 23 డిగ్రీలు. మీ 4-ఐరన్ పాత సెట్‌లోదైతే అదీ 23, 24 ఉండొచ్చు. దూరం కోసం తయారైన ఈ కాలపు సెట్‌లోదైతే 20కి కూడా దిగి ఉండొచ్చు. పైగా లాఫ్ట్ ఒకటే అయినా హైబ్రిడ్ ఇంకాస్త దూరం పోతుంది. షాఫ్ట్ (క్లబ్ కర్ర) పొడవు, ఫేస్ పలచన, బంతి ఎక్కువసేపు గాల్లో ఉంటుంది.

కాబట్టి లెక్క పైనుంచి కాకుండా కిందినుంచి మొదలుపెట్టండి. మీరు ధైర్యంగా కొట్టగల ఐరన్లలో అన్నిటికంటే పొడవైనది ఏది? అది గాల్లో ఎంత దూరం పోతుంది? దొర్లే దూరం వద్దు, గాల్లో పోయేదే, అంటే క్యారీ మాత్రమే చూడండి. 5-ఐరన్ 160 గజాలు పోతుందనుకుందాం. దాని పైన 170, 175 గజాల దగ్గర పడే క్లబ్ కావాలి. అది కొందరికి 4-హైబ్రిడ్ అవుతుంది, చాలామందికి 5-హైబ్రిడ్ అవుతుంది. అంకె చూసి 4 తెచ్చుకున్నవాళ్ళకు 5-ఐరన్‌కీ హైబ్రిడ్‌కీ మధ్య 25 గజాల గొయ్యి మిగులుతుంది. ఆ దూరం ఎదురైన ప్రతిసారీ ఏదో ఒక క్లబ్‌ని బలవంతపెట్టాల్సి వస్తుంది.

పరీక్షించేటప్పుడు ఇంకో మాట. పది బంతులు కొట్టి అందులో బ్రహ్మాండమైన మూడింటిని చూసి మురిసిపోకండి. చెడ్డ మూడు ఎక్కడ పడ్డాయో చూడండి. హైబ్రిడ్ తెచ్చుకునేదే మన చెడ్డ షాట్లను కాపాడుకోవడానికి.

బ్యాగ్‌లో ఎన్ని హైబ్రిడ్లు పెట్టుకోవచ్చు?

మొత్తం క్లబ్బులు 14 దాటకూడదన్నదే నియమం. అందులో హైబ్రిడ్లు ఎన్నైనా పర్వాలేదు. మామూలు వేగం ఉన్నవాళ్ళకు రెండు సరిపోతాయి. ఒకటి తీసేసి రెండు చేర్చినప్పుడు లెక్క తప్పకుండా చూసుకోండి. 15వ క్లబ్‌తో రౌండ్ మొదలుపెడితే పెనాల్టీ పడుతుంది.

5-వుడ్ ఉంచుకోవాలా, దాని బదులు 3-హైబ్రిడ్ పెట్టాలా? 7-వుడ్ సంగతేమిటి?

ఆటగాళ్ళ మధ్య అసలైన వాదం ఇదే. లాంగ్ ఐరన్ల విషయంలో దాదాపు అందరూ ఒప్పుకుంటారు, వుడ్ల దగ్గరికి వచ్చేసరికి రెండు పక్షాలవుతారు.

5-వుడ్ లాఫ్ట్ సుమారు 18 డిగ్రీలు, 3-హైబ్రిడ్ 18 నుంచి 20. కాగితం మీద రెండూ ఒకటే. మైదానంలో మాత్రం వుడ్ పొడవు వల్ల పది గజాల దాకా ఎక్కువ పోతుంది, ఎత్తుగా పోతుంది, గ్రీన్ (జెండా ఉండే నున్నటి గడ్డి) మీద మెత్తగా దిగుతుంది. హైబ్రిడ్ కాస్త కిందుగా పోయి దిగాక దొర్లుతుంది. అలాగని వుడ్డే మేలు అనుకోవద్దు. పొడవు తక్కువ కాబట్టి హైబ్రిడ్ మధ్యన తగిలే అవకాశం ఎక్కువ. బంతి రఫ్‌లోనో, గడ్డి లేని గట్టి నేల మీదో, వాలులోనో ఉన్నప్పుడు వుడ్ పెద్ద తల అడ్డుపడే చోట హైబ్రిడ్ చొచ్చుకుపోతుంది.

7-వుడ్ ఒకప్పుడు ముసలివాళ్ళ క్లబ్ అని పేరుపడింది. 2020 మాస్టర్స్‌ను 20 అండర్ పార్‌తో గెలిచిన డస్టిన్ జాన్సన్ లాంటి బలమైన ఆటగాడు దాన్ని బ్యాగ్‌లో పెట్టుకున్నాక ఆ మాట ఎగిరిపోయింది. 21, 22 డిగ్రీల 7-వుడ్ ఎడమకు ముడుచుకోవడం తక్కువ, దూరపు పార్-3ల మీద నిటారుగా దిగి ఆగుతుంది.

నా అభిప్రాయం అడిగితే, మీ టీ షాట్లు ఎక్కువగా ఫెయిర్‌వేలో (దారి మధ్యన కత్తిరించిన పొట్టి గడ్డిలో) పడుతుంటే వుడ్ ఉంచుకోండి. రఫ్‌లోంచి ఆడడమే మీ రోజువారీ బతుకైతే హైబ్రిడ్ పెట్టుకోండి. పోయిన ఐదు రౌండ్లలో దూరపు రెండో షాట్లు ఎక్కడినుంచి ఆడారో గుర్తుచేసుకుంటే జవాబు మీకే తెలుస్తుంది.

3-వుడ్ కూడా తీసేసి 2-హైబ్రిడ్ పెట్టుకోవచ్చా?

టీ మీద నుంచి తిన్నగా కొట్టడానికే అయితే పెట్టుకోవచ్చు. నేలమీద నుంచి ఆడాలంటే మాత్రం 16, 17 డిగ్రీల 2-హైబ్రిడ్ మామూలు వేగానికి లేవదు. 3-వుడ్‌తో ఇబ్బంది పడేవాళ్ళు 4-వుడ్ గానీ 5-వుడ్ గానీ ప్రయత్నిస్తే మంచిది.

ఐరన్లు స్టీల్ షాఫ్ట్‌వి. హైబ్రిడ్‌కీ స్టీలే వేయించాలా?

పేరు కంటే బరువు ముఖ్యం. హైబ్రిడ్ షాఫ్ట్ మీ ఐరన్ షాఫ్ట్ కంటే తేలిగ్గా, ఫెయిర్‌వే వుడ్ షాఫ్ట్ కంటే బరువుగా ఉండాలి. 120 గ్రాముల స్టీల్ ఐరన్లు తిప్పే చేతికి 60 గ్రాముల హైబ్రిడ్ ఇస్తే చేతులు ముందే తిరిగిపోయి బంతి ఎడమకు వెళ్తుంది. అలాంటివాళ్ళకు 80, 90 గ్రాముల గ్రాఫైట్ బాగా కుదురుతుంది.

ఎవరో వాడిన పాత హైబ్రిడ్ తీసుకోవచ్చా?

నిక్షేపంగా. పదేళ్ళ నాటిది కూడా చక్కగా పనిచేస్తుంది. ఫేస్ మీద పగుళ్ళు, హోసెల్ (తల షాఫ్ట్‌కి కలిసే చోటు) దగ్గర కదలిక, షాఫ్ట్ ఎవరైనా కోయించారా అన్నది చూసుకోండి. గ్రిప్ మార్పించుకుంటే సరి.

## కొట్టడం మొదలుపెట్టాక

ఏం చేసినా బంతి ఎడమకే పోతోంది. ఎందుకు?

హైబ్రిడ్ మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇదే, అందులో చాలావాటికి క్లబ్ కొలతలే కారణం. ముందు లై, అంటే షాఫ్ట్ నేల మీద నిలిచే కోణం చూడండి. హైబ్రిడ్లు చాలావరకు నిటారుగా తయారవుతాయి. తగిలే క్షణంలో తల కొస, అంటే టో, పైకి లేచి ఉంటే ఫేస్ ఎడమకు చూస్తుంది. దీన్ని తేల్చుకోవడం సులువు. బంతి మీద మార్కర్‌తో నిలువుగా దట్టమైన గీత గీసి, గీత క్లబ్ వైపు ఉండేలా పెట్టి కొట్టండి. సిరా ఫేస్ మీద అచ్చు పడుతుంది. ఆ గీత నిలువుగా ఉంటే లై సరిగా ఉంది. పై కొస టో వైపు వాలి ఉంటే క్లబ్ మీకు మరీ నిటారుగా ఉంది. నేను ఇలా కొట్టి చూసుకున్న రోజు గీత స్పష్టంగా టో వైపు ఒరిగి ఉంది. అప్పటిదాకా నెలల తరబడి నా మణికట్లనే తిట్టుకున్నాను.

లై తెలిశాక వంచడానికి వీలున్న హోసెల్ అయితే క్లబ్బులు సరిచేసేవాళ్ళు ఒకటి రెండు డిగ్రీలు చదును చేయగలరు. లాఫ్ట్ మార్చుకునే స్లీవ్ ఉంటే లాఫ్ట్ కాస్త తగ్గించండి, దానితోపాటు ఫేస్ కూడా కొద్దిగా తెరుచుకుంటుంది. స్లైస్ (కుడికి వంగిపోయే షాట్) కొట్టేవాళ్ళ కోసం ఫేస్ మూసి, బరువు మడమ వైపు పెట్టి చేసే హైబ్రిడ్లూ ఉన్నాయి. మీరు డ్రా ఆడేవారైతే వాటి జోలికి పోకండి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా ఎడమకే పోతుంటే, దూరం కోసం విసురుతున్నారని అర్థం. 5-ఐరన్ వేగంతోనే తిప్పండి. దూరం సంగతి తల చూసుకుంటుంది.

ఐరన్‌లా కిందికి కొట్టాలా, వుడ్‌లా ఊడ్చినట్టు కొట్టాలా?

ఐరన్‌లానే. కొంచెం కిందికి దిగుతూ ముందు బంతి, తర్వాత గడ్డి. బంతి ముందు గడ్డి కొసలు తెగి పలచటి గీత పడితే షాట్ సరిగ్గా పడినట్టే, లోతైన డివట్ (తెగి లేచే గడ్డి పెళ్ళ) అక్కర్లేదు. బంతిని ఎడమ మడమకు ఒకటి రెండు బంతుల వెడల్పు లోపలికి పెట్టుకోండి. చూడడానికి వుడ్‌లా ఉండడంతో చాలామంది బంతిని మరీ ముందుకు పెట్టి పైకి చెక్కబోతారు. అలా కొడితే క్లబ్ బంతి తలనైనా కొడుతుంది, వెనక నేలనైనా కొడుతుంది.

రేంజ్‌లో (సాధన మైదానంలో) అద్భుతం, కోర్సులో అధ్వానం. ఏమిటి కారణం?

రేంజ్‌లో పరిచే కృత్రిమ గడ్డి చాపలు. హైబ్రిడ్ సోల్ వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. చాప మీద బంతికి రెండంగుళాల వెనక తగిలినా జారుకుంటూ వెళ్ళి బంతిని పంపేస్తుంది. అదే తప్పు మెత్తటి నేల మీద చేస్తే షాట్ చచ్చిపోతుంది. వీలైనంతవరకు గడ్డి మీద సాధన చేయండి. చాపే దిక్కయితే ఫేస్ మీద పౌడర్ స్ప్రే చల్లి కొట్టి, బంతి ముద్ర ఎక్కడ పడుతోందో చూసుకోండి. ముద్ర మధ్యన, అడుగు నుంచి రెండు మూడు గీతల పైన పడాలి.

## కోర్సులో ఉన్నప్పుడు

రఫ్‌లోంచి నిజంగా అంత తేలికా?

ఎంత రఫ్ అన్నదాన్ని బట్టి. ఒక రౌండ్‌లో నాకు బాగా గుర్తుండిపోయిన షాట్ చెబుతాను. తెల్లవారుజామున మంచుకు తడిసిన గడ్డి, బంతి సగం మునిగి ఉంది. పాత అలవాటు కొద్దీ 4-ఐరన్ తీశాను. తడి గడ్డి హోసెల్ చుట్టూ తాడులా పెనవేసుకుంది, ఫేస్ గభాలున మూసుకుంది, బంతి ఎడమకు అరవై గజాలు కూడా పోలేదు. రెండు హోల్స్ తర్వాత అదే తడి, అదే లోతు. ఈసారి హైబ్రిడ్ తీస్తే గుండ్రటి అడుగు గడ్డిని పక్కలకు తోసుకుంటూ వెళ్ళింది, బంతి గ్రీన్ అంచుకు చేరింది.

అంతమాత్రాన ప్రతి రఫ్‌లోనూ ఇదే తీయకండి. బంతి పైభాగం కనిపిస్తుంటే హైబ్రిడ్ సరే. వంగి వెతికితే తప్ప కనిపించనంత లోతులో ఉంటే 9-ఐరన్‌తోనో వెడ్జ్‌తోనో (లాఫ్ట్ ఎక్కువున్న పొట్టి క్లబ్‌తోనో) ఫెయిర్‌వేలోకి వేసుకోవడమే తెలివి. ఒక మోస్తరు రఫ్‌లోంచి బంతి స్పిన్ తగ్గి ఎక్కువ దొర్లుతుంది, గ్రీన్‌కి ముందే దింపేలా లెక్క వేసుకోండి.

ఫెయిర్‌వే బంకర్‌లో వాడొచ్చా?

బంతి ఇసుక మీద శుభ్రంగా కూర్చుని ఉండి, ఎదురుగా గట్టు ఎత్తు తక్కువైతే వాడొచ్చు. గ్రిప్ ఒక అంగుళం కిందికి పట్టుకుని, కాళ్ళు కదలకుండా, ముందు బంతినే తాకించండి. వెనక ఇసుకను తాకితే వెడల్పాటి సోల్ ఎగిరి బంతి మధ్యన తగులుతుంది. బంతి కాస్త కూరుకుని ఉన్నా ఈ ఆలోచన మానుకోండి.

గ్రీన్ పక్కన హైబ్రిడ్‌తో చిప్ (జెండా వైపు చిన్న షాట్) చేస్తుంటారు. ఎలా?

హైబ్రిడ్‌కున్న అందమైన ఉపయోగం ఇది. 2004 బ్రిటిష్ ఓపెన్, రాయల్ ట్రూన్. ఎర్నీ ఎల్స్‌తో నాలుగు హోల్స్ ప్లేఆఫ్‌లో చివరి హోల్. టాడ్ హామిల్టన్ బంతి గ్రీన్‌కి సుమారు 30 గజాలు ఇవతల ఉంది. వెడ్జ్ తీయకుండా హైబ్రిడ్‌తో నేలమీదుగా దొర్లించాడు. బంతి హోల్‌కి రెండడుగుల్లో ఆగింది, కప్పు అతనిదైంది.

పట్టుకునేది పటర్‌లా (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్‌లా), నిలబడేది పటర్‌లా, ఊపేదీ పటర్‌లానే. గ్రిప్ కింది దాకా పట్టుకుని బంతికి దగ్గరగా నిలబడి మణికట్లు విరవకుండా తోయండి. ఉన్న లాఫ్ట్‌కి బంతి చిన్న గెంతు గెంతి అంచు గడ్డిని దాటి ఆపైన పట్‌లా దొర్లుతుంది. బంతి ఫేస్ మీంచి పటర్ కంటే చురుగ్గా పోతుంది, అందుకని బలం తగ్గించి మొదలుపెట్టండి. చేతులు వణికి చిప్‌లు చెడగొట్టుకునేవాళ్ళకు ఇది నిజంగా ప్రాణం పోస్తుంది.

ఎదురుగాలిలో బంతి పైకిపోయి ఆగిపోతోంది.

బంతిని ఒక బంతి వెడల్పు వెనక్కి జరిపి, గ్రిప్ కిందికి పట్టుకుని, చేతులను భుజం ఎత్తులోనే ఆపండి. బలంగా కొట్టకండి, బలం పెరిగితే స్పిన్ పెరిగి ఇంకా పైకి లేస్తుంది. వారంలో నాలుగు రోజులు గాలిలోనే ఆడేవాళ్ళయితే యుటిలిటీ ఐరన్ ఒకసారి ప్రయత్నించాలి.

టీ మీద పెడితే ఎంత ఎత్తు పెట్టాలి?

గడ్డి కొసల మీద కూర్చున్నట్టు, అంతే. ఎత్తు పెడితే ఫేస్ పై అంచుకు తగిలి బంతి నీరసంగా తేలిపోతుంది.

## కొన్ని నెలలు వాడాక

హైబ్రిడ్ కుదిరింది. ఇక లాంగ్ ఐరన్ సాధన మానేయొచ్చా?

బ్యాగ్‌లోంచి తీసేయండి, ఇంట్లోంచి కాదు. రేంజ్‌కి వెళ్ళినప్పుడు 4-ఐరన్‌తో నెమ్మదిగా పది బంతులు కొడితే బంతి ఎక్కడ తగులుతోందో చేతులకు నిక్కచ్చిగా చెబుతుంది. హైబ్రిడ్ తప్పులను దాచిపెడుతుంది, ఐరన్ దాచదు.

వయసు మీద పడి వేగం తగ్గుతోంది. ఎక్కడిదాకా హైబ్రిడ్లతో మార్చుకుంటూ పోవాలి?

5-ఐరన్ బదులు 5-హైబ్రిడ్, 6-ఐరన్ బదులు 6-హైబ్రిడ్, అవసరమైతే 7 దాకా కూడా వెళ్ళొచ్చు. 27, 28 డిగ్రీల 6-హైబ్రిడ్లు ఇందుకే చేస్తారు. ఎక్కడ ఆగాలో గ్రీన్ చెబుతుంది. మీ 6-ఐరన్ షాట్ గ్రీన్ మీద పడి కూడా ఆగకుండా వెనక అంచు దాటి దొర్లిపోతుంటే ఎత్తు చాలడం లేదన్నమాట, దాన్ని మార్చండి. 7-ఐరన్ పడిన చోట ఆగుతుంటే దాన్ని ముట్టుకోకండి. ఒకేసారి మూడు క్లబ్బులు మార్చడం కంటే ఒకటి మార్చి, పది రౌండ్లు ఆడి, దాని దూరం మీ చేతికి అలవాటయ్యాక రెండోదాని గురించి ఆలోచించండి.